మంచు మీద దిగినవాళ్లు

(లైబ్రరీ హాల్లో జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినబడుతోందా? ఫ్యాన్ చప్పుడు అడ్డమైతే చెప్పండి, ఒకటి ఆపేద్దాం. ధ్రువాల చలి గురించి వినడానికి వచ్చి ఫ్యాన్ లేక చెమటలు కక్కడం కూడా ఒక అనుభవమే.

ముందే చెప్పేస్తున్నాను, నేను చరిత్ర ప్రొఫెసర్‌ని కాదు. విమానాల ఇంజన్ల దగ్గర పనిచేసి రిటైరైనవాణ్ణి. కాబట్టి ఎవరైనా "ఫలానా ఆయన ఉత్తర ధ్రువం మీదుగా ఎగిరాడు" అంటే నాకు మొదట వచ్చే డౌటు ఆయన ధైర్యం గురించి కాదు. ఆ చలిలో ఇంజన్ ఎలా స్టార్ట్ చేశారు? మధ్యలో ఆగిపోతే ఎక్కడ దిగారు? దిగాక మళ్లీ ఎలా లేచారు? ఇవాళ నేను మాట్లాడేది ఎక్కువగా ఈ మూడో ప్రశ్న గురించే. పుస్తకాల్లో ఈ కథంతా రన్నింగ్ రేసులా రాస్తారు, ఎవరు ముందు, ఎవరు వెనక అని. నా లెక్క వేరు. పైనుంచి చూసి వెళ్లిపోయినవాళ్లకంటే కింద దిగి, తంటాలు పడి, మళ్లీ లేచి వచ్చినవాళ్ల దగ్గరే మనకి ఎక్కువ సమాచారం ఉంది. ఎక్కువ సాక్ష్యం కూడా ఉంది. ఒప్పుకోనివాళ్లు చివర్లో పోట్లాడండి.

అసలు ఆర్కిటిక్‌లో మొట్టమొదట విమానం నడిపింది ఎవరో ఇక్కడ ఎవరికైనా తెలుసా? అముండ్సెనా? కాదండీ. యాన్ నగుర్‌స్కీ అని ఒక పోలిష్ ఆయన, అప్పట్లో రష్యా నౌకాదళంలో పైలట్. 1914 ఆగస్టు. అక్కడికి కొద్ది కాలం ముందే రష్యా వాళ్ల సెడోవ్ దండయాత్ర, అంటే యుద్ధం కాదు, అన్వేషణ బృందం, ఉత్తర ధ్రువానికి బయల్దేరి జాడలేకుండా పోయింది. వాళ్లని వెతకడానికి ఒక ఫర్మాన్ విమానాన్ని పెట్టెల్లో పెట్టి, ఓడలో నొవాయా జెమ్ల్యా దీవికి పంపించారు. అక్కడ ఒడ్డున ఆయనా, ఒక మెకానిక్కూ కూర్చుని దాన్ని బిగించుకున్నారు. ఆ విమానం ఎలాంటిదో ఊహించండి. కర్ర, గుడ్డ, తీగలు. పైలట్ కూర్చునే చోట చుట్టూ గాలే. దాంతో ఐదుసార్లు ఎగిరాడు. సెడోవ్ దొరకలేదు, ఆయన అప్పటికే చనిపోయాడు. కానీ మంచు మీద, చలిలో విమానం పనిచేస్తుందని మొదటిసారి తేలింది.

ఈ నగుర్‌స్కీది ఇంకో కథ ఉంది, సబ్జెక్టుకి కాస్త పక్కకి పోతున్నాను, పర్లేదు కదా? 1917లో ఆయన చనిపోయాడని అందరూ అనుకున్నారు. ఆయన హాయిగా పోలండ్‌లో ఇంజినీర్ ఉద్యోగం చేసుకుంటున్నాడు. 1955లో సెంట్‌కీవిచ్ అనే పోలిష్ ధ్రువ రచయిత ఒక సభలో మాట్లాడుతున్నాడట, ఆయన తన పుస్తకంలో "రష్యన్ పైలట్ నగుర్‌స్కీ, 1917లో మృతి" అని రాసి ఉన్నాడు. శ్రోతల్లోంచి ఒక పెద్దాయన లేచి, నేను రష్యన్‌నీ కాదు, చనిపోనూ లేదు అన్నాడు. ఇవాళ నేను చెప్పేవాళ్లలో ఎవరూ ఇక్కడ కూర్చుని లేరనే నమ్మకంతో మాట్లాడుతున్నాను.

సరే. ఇంజన్ సంగతి చూద్దాం, నాకు ఇష్టమైన చోటు. ఆ చలిలో ఇంజన్ ఆయిల్ చలికాలం పేరుకున్న నెయ్యిలా అయిపోతుంది. ప్రొపెల్లర్ చేత్తో తిప్పినా కదలదు. అందుకని ఆ రోజుల్లో ఏం చేసేవాళ్లంటే, విమానం దిగగానే, ఇంకా వేడి మీద ఉండగానే ఆయిల్ మొత్తం డబ్బాల్లోకి దించేసేవాళ్లు. మళ్లీ ఎగరాలంటే ఆ డబ్బాలు స్టవ్ మీద పెట్టి కాచి పోయాలి. ఆయిల్ వేడైతే సరిపోదు, ఇంజన్ కూడా వెచ్చబడాలి. దానికి కాన్వాసు గుడ్డ ముసుగులా కప్పి, కింద మంట పెట్టేవాళ్లు. పక్కన పెట్రోలు ట్యాంకు, పైన గుడ్డ, కింద మంట. నేను పనిచేసిన చోట ఎవడైనా ఇలా చేస్తే సాయంత్రానికి ఉద్యోగం ఊడేది. అక్కడ అదే రోజువారీ పని.

రెండోది దిక్కు. అయస్కాంతపు దిక్సూచి చూపించేది అసలు ఉత్తర ధ్రువాన్ని కాదు, అయస్కాంత ధ్రువాన్ని. అది అప్పట్లో కెనడా ఉత్తరాన ఉంది. ధ్రువం దగ్గరికి వెళ్తున్నకొద్దీ ముల్లు మొద్దుగా, నమ్మలేనట్టుగా తిరుగుతుంది. పైగా రేఖాంశాలన్నీ అక్కడ ఒకచోటికి వచ్చి చేరతాయి, తిన్నగా వెళ్తున్నా మీ దిశ డిగ్రీల్లో మారిపోతూ ఉంటుంది. మరి ఏం చేశారు? సూర్య దిక్సూచి. మే నెలలో అక్కడ సూర్యుడు అస్తమించడు కదా, ఆకాశంలో గుండ్రంగా గంటకి 15 డిగ్రీల చొప్పున తిరుగుతూ ఉంటాడు. అదే వేగంతో తిరిగే గడియారం ఒకటి పెట్టి, దాని మీద నీడ సరిగ్గా గీత మీద పడేట్టు విమానాన్ని నడిపితే దారి తప్పరు. సూర్యుడు కనబడినంతసేపు. మబ్బు పడితే? మబ్బు పడితే దేవుడి దయ.

ఇప్పుడు 1925కి వద్దాం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను, టైమ్ అయిపోయిందని చీటీ పంపకండి.

రోఆల్డ్ అముండ్సెన్. 1911లో దక్షిణ ధ్రువం మొదట చేరినవాడు. 1925 నాటికి అప్పుల పాలైపోయి ఉన్నాడు. లింకన్ ఎల్స్‌వర్త్ అనే అమెరికన్ డబ్బున్నవాడు తోడొచ్చాడు, వాళ్ల నాన్న డబ్బు పెట్టాడు. రెండు డోర్నియర్ వాల్ విమానాలు కొన్నారు, ఎన్-24, ఎన్-25. డిజైన్ జర్మన్లది, తయారీ ఇటలీలో. ఎందుకు ఇటలీలో? మొదటి ప్రపంచ యుద్ధం ఒప్పందం జర్మనీలో అలాంటి విమానాలు కట్టనివ్వలేదు. అడుగు పడవలా ఉంటుంది, నీళ్ల మీదా దిగొచ్చు, మంచు మీదా జారొచ్చు. రెక్క పైన రెండు రోల్స్ రాయిస్ ఇంజన్లు, ఒకటి ముందుకి లాగుతుంది, ఇంకొకటి వెనకనుంచి తోస్తుంది.

మే 21న నార్వేకి బాగా ఉత్తరాన ఉన్న స్పిట్స్‌బర్గెన్ దీవిలోని కింగ్స్ బే నుంచి ఆరుగురు బయల్దేరారు, విమానానికి ముగ్గురు. ఒకదాంట్లో, అంటే ఎన్-25లో, అముండ్సెన్, పైలట్ రీసర్-లార్సెన్, జర్మన్ మెకానిక్ ఫోయిష్ట్. రెండోదాంట్లో ఎల్స్‌వర్త్, పైలట్ డీట్రిక్సన్, మెకానిక్ ఓమ్‌డాల్. ఈ పేర్లు కావాలనే నిదానంగా చెప్తున్నాను, ఎందుకంటే పేపర్లో వచ్చిన పేరు ఒక్క అముండ్సెన్‌దే. రెండో విమానం లేచేటప్పుడే మంచు మీద బరువుకి అడుగున రివెట్లు ఊడాయి. అడుగు దెబ్బతిన్నదని లోపలున్న పైలట్‌కి తెలుసు. అయినా ఆగలేదు. అది ధైర్యమా, మూర్ఖత్వమా? ఇంజన్ల మనిషిగా నన్నడిగితే మూర్ఖత్వమే. కానీ ఆగి ఉంటే మనం ఇవాళ ఆయన పేరు చెప్పుకునేవాళ్లం కాదేమో.

ఎనిమిది గంటలు ఎగిరారు. సగం పెట్రోలు అయిపోయింది. మంచు చీలికల మధ్య నీటి పాయ కనిపిస్తే, దిగి ఎక్కడున్నామో లెక్క చూసుకుందామనుకుంటుండగా అముండ్సెన్ విమానంలో వెనక ఇంజన్ మొరాయించింది. ఇక ఆలోచించడానికి టైమ్ లేదు. రీసర్-లార్సెన్ సన్నటి పాయలో విమానాన్ని దించాడు. రెండోది ఇంకోచోట దిగింది, దిగగానే నీళ్లు లోపలికి రావడం మొదలైంది. సెక్స్టంట్‌తో, అంటే సూర్యుడి ఎత్తు కొలిచే పరికరంతో, చూస్తే 87 డిగ్రీల 43 నిమిషాల ఉత్తర అక్షాంశం. ధ్రువానికి ఇంకా సుమారు 250 కిలోమీటర్లు.

ఇప్పుడు పరిస్థితి చూడండి. రెండు బృందాలు ఒకదానికొకటి కనబడటం లేదు. మర్నాడు బైనాక్యులర్స్‌లో చూస్తే దూరంగా రెండో విమానం కనిపించింది. మధ్యలో కదిలే మంచు. కలుసుకోవడానికి రోజులు పట్టింది. స్కీల మీద, అంటే మంచు మీద జారే పొడుగాటి పలకల మీద, దాటుతుండగా పలచటి మంచు విరిగి డీట్రిక్సన్, ఓమ్‌డాల్ నీళ్లలో పడ్డారు. వాళ్లని లాగింది ఎవరో తెలుసా? ఆ డబ్బున్నవాడు, ఎల్స్‌వర్త్. నేనూ మొదట్లో ఈయన్ని డబ్బు పెట్టి సీటు కొనుక్కున్నవాడనే అనుకునేవాణ్ణి, ఆ ఒక్క పనితో లెక్క సమం చేశాడు.

రెండో విమానం ఇక లేవదు, దాన్ని వదిలేశారు. అందులో పెట్రోలు మొదటిదాంట్లోకి ఎక్కించారు. ముగ్గురి కోసం చేసిన విమానంలో ఆరుగురు లేవాలి. లేవాలంటే రన్‌వే కావాలి. రన్‌వే ఎక్కడుంది? వాళ్లే చెయ్యాలి. పనిముట్లు ఏమున్నాయి? గొడ్డలి, చెక్క పారలు, కర్రలకి కట్టుకున్న కత్తులు. తిండి తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ మనిషికి రోజుకి 225 గ్రాముల దాకా తెచ్చారు. ఒక చోట చదును చేస్తే రాత్రికి మంచు చీలిపోయేది, ఇంకోచోట మొదలుపెట్టేవాళ్లు. మూడు వారాలు దాటి ఇదే పని. మొత్తం మీద వాళ్లు తవ్వి పక్కకి జరిపిన మంచు సుమారు 500 టన్నులని లెక్క. చివర్లో మెత్తటి మంచుని పారతో తీసే ఓపిక లేక, మెకానిక్ ఓమ్‌డాల్ కాళ్లతో తొక్కడం మొదలుపెట్టాడు. తొక్కితే గట్టిపడింది! రాత్రికి గడ్డకట్టి రాయైంది. అప్పటినుంచి ఆరుగురూ వరసగా తొక్కుతూ నడిచారు. వాళ్లని ఇంటికి చేర్చింది ఆ తొక్కుడే. పెద్ద ప్లానేమీ కాదు, విసుగెత్తిన మెకానిక్ కాళ్లు.

జూన్ 15. అవసరం లేనిదంతా బయట పారేశారు. రీసర్-లార్సెన్ ఫుల్ థ్రాటిల్ ఇచ్చాడు. లేచింది. గంటలకొద్దీ ఎగిరి, పెట్రోలు అడుగంటుతుండగా స్పిట్స్‌బర్గెన్‌కి ఈశాన్యాన ఉన్న నూర్‌డౌస్ట్‌లాండెట్ దగ్గర సముద్రంలో దిగారు. సీళ్ల వేటకొచ్చిన ఓడవాళ్లు చూసి ఎక్కించుకున్నారు. అప్పటికి లోకమంతా వాళ్లు పోయారనే అనుకుంటోంది.

ఇంకో విషయం, ఈ విమానం అక్కడితో ఆగలేదు. అదే ఎన్-25ని 1930లో ఫాన్ గ్రొనౌ అనే జర్మన్ పైలట్ అట్లాంటిక్ దాటించి న్యూయార్క్ తీసుకెళ్లాడు. మంచులో అన్ని రోజులు ఉండి, ఆరుగురిని మోసి, ఐదేళ్ల తర్వాత అట్లాంటిక్ దాటింది. ఆ రివెట్లు కొట్టినవాళ్లకి దణ్ణం పెట్టాలి.

వాళ్లు ధ్రువం చేరలేదు కదా, ఓడిపోయారు కదా అంటారు. అవును. కానీ వాళ్లు చెప్పిన మాట ఒక్కటీ ఎవరూ ఇంతవరకు అనుమానించలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తర్వాతి ఏడాది కథ దీనికి తిరగబడింది.

1926 మే 9. అదే కింగ్స్ బే. అమెరికా నౌకాదళం మనిషి రిచర్డ్ బర్డ్, పైలట్ ఫ్లాయిడ్ బెన్నెట్. మూడు ఇంజన్ల ఫోకర్ విమానం, పేరు జోసెఫీన్ ఫోర్డ్. కార్ల ఫోర్డ్ గారి మనవరాలి పేరు, ఎందుకు పెట్టారో చెప్పక్కర్లేదు. రాత్రి పన్నెండు దాటాక లేచి, పదిహేనున్నర గంటల్లో తిరిగొచ్చి, ధ్రువం మీద చుట్టు తిరిగి వచ్చామన్నారు. అమెరికాలో ఊరేగింపులు, మెడల్స్. ఇంజన్ల హోరులో మాట వినబడదు కాబట్టి ఇద్దరూ చీటీలు రాసుకుని మాట్లాడుకున్నారు. ఒక ఇంజన్ ఆయిల్ కారింది, ఆగలేదు, అది పెద్ద విషయమే.

డౌటు ఎక్కడ? పదిహేనున్నర గంటల్లో అంత దూరం పోయి రావడానికి ఆ విమానం స్పీడు సరిపోతుందా? నార్వేజియన్ పైలట్ బెర్న్ట్ బాల్కెన్, ఆయన తర్వాత అదే విమానం నడిపినవాడు, సరిపోదన్నాడు. గాలి తోడొచ్చిందని బర్డ్ వైపువాళ్లు. 1996లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో దాచిన ఆయన కాగితాల్లో ఆ రోజు డైరీ బయటపడింది. అందులో సెక్స్టంట్ అంకెలు కొన్ని రబ్బరుతో చెరిపి ఉన్నాయి, చెరిపినా చదవడానికి వస్తున్నాయి, అవి తర్వాత టైప్ చేసి ఇచ్చిన రిపోర్టుతో కలవడం లేదు. ధ్రువం మీద నిలబడితే సూర్యుడు ఎంత ఎత్తులో ఉండాలో ఆ రోజుకి ముందే తెలుసు, సుమారు 17 డిగ్రీలు. కొలతలో ఒక్క డిగ్రీ తేడా వస్తే 111 కిలోమీటర్లు తప్పినట్టు. అబద్ధం చెప్పాడా, లెక్క తప్పాడా, నిజంగా చేరాడా? పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు. నా అభిప్రాయం అడిగితే చేరలేదనే అనిపిస్తుంది, అయితే నేను కోర్టు కాదు. మూడు రోజులకి అముండ్సెన్, ఎల్స్‌వర్త్, ఇటలీ వాడైన ఎయిర్‌షిప్ డిజైనర్ నోబిలే, మొత్తం పదహారు మందితో నోర్గె అనే ఎయిర్‌షిప్‌లో ధ్రువం దాటి అలాస్కా చేరారు, దాని మీద ఎవరికీ డౌటు లేదు. అది గ్యాస్ సంచీ, విమానం కాదు, అందుకని ఇవాళ దాన్ని వదిలేస్తున్నాను.

విమానాల్లో నాకు అందరికంటే ఇష్టమైనవాళ్లు విల్కిన్స్, ఐల్సన్. హ్యూబర్ట్ విల్కిన్స్ ఆస్ట్రేలియా వాడు. బెన్ ఐల్సన్ అలాస్కా పైలట్. ఆ రోజుల్లో పెద్ద ప్రశ్న ఏంటంటే, అలాస్కాకి పైన మంచు మధ్యలో ఎవరూ చూడని భూమి ఉందా? కొందరు శాస్త్రజ్ఞులు ఉందనే అన్నారు. పైనుంచి చూస్తే అంతా తెల్లగానే ఉంటుంది, ఎలా తెలుస్తుంది? 1927 మార్చిలో వీళ్లు మంచు మీద దిగారు. మంచుకి రంధ్రం చేసి, డిటొనేటర్ పేల్చి, శబ్దం అడుగుకి తగిలి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో కొలిచారు. వాళ్ల కొలతలో లోతు 5,440 మీటర్లు! అంత లోతు సముద్రం ఉన్నచోట భూమి ఎక్కడుంటుంది? ఒక్క చప్పుడుతో మ్యాపు మీద ఒక ఊహ చెరిగిపోయింది. దిగకుండా ఇది సాధ్యమా? చెప్పండి.

తిరుగు ప్రయాణంలో ఇంజన్ ఇబ్బంది పెట్టింది, మళ్లీ దిగి, ఐల్సన్ ఉత్త చేతులతో రిపేరు చేశాడు. తర్వాత పెట్రోలు అయిపోయి, చీకట్లో, మంచు తుఫానులో కిందికి జారుకుంటూ వచ్చి దిగారు. విమానం వదిలేసి రోజులకొద్దీ మంచు మీద నడుచుకుంటూ ఒడ్డు చేరారు. ఆ రిపేరుకి ఐల్సన్ ఒక వేలు పోగొట్టుకున్నాడు, చలికి చచ్చుబడిపోయి తీసేశారు.

అయినా మానేశారా? 1928 ఏప్రిల్ 15న అలాస్కాలోని పాయింట్ బారో నుంచి ఒకే ఇంజన్ ఉన్న లాక్‌హీడ్ వేగాలో బయల్దేరి, 20 గంటల 20 నిమిషాలు, సుమారు 3,500 కిలోమీటర్లు ఎగిరి స్పిట్స్‌బర్గెన్ చేరారు. చేరేసరికి తుఫాను. చిన్న దీవి ఒకటి కనబడితే దిగిపోయారు, దాని పేరు డెడ్ మ్యాన్స్ ఐలాండ్, ఏం చేస్తాం. ఐదు రోజులు విమానంలోనే. తుఫాను తగ్గాక స్కీలు మంచుకి అంటుకుపోయి విమానం కదలదు. విల్కిన్స్ దిగి తోశాడు, విమానం కదిలింది, ఎక్కేలోపే ఐల్సన్ గాల్లోకి వెళ్లిపోయాడు! కింద ఈయన్ని చూసి మళ్లీ వచ్చి దిగాడు. రెండోసారి విల్కిన్స్ తోసి, తాడు పట్టుకుని వేలాడబోయి మంచులో పడ్డాడు. మూడోసారి ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని కర్రతో నేలని తోశాడు, అప్పుడు లేచింది. నవ్వుతున్నారు కదా, అక్కడ ఆ మూడోసారి కూడా తప్పితే పెట్రోలు మిగలదు. అదే సంవత్సరం నవంబరులో ఇద్దరూ అంటార్కిటికా వెళ్లి డిసెప్షన్ దీవి నుంచి ఎగిరారు, అంటార్కిటికాలో మొదటి విమానం అదే. మర్నాటి సంవత్సరం నవంబరులో ఐల్సన్ సైబీరియా తీరంలో మంచులో ఇరుక్కున్న ఓడకి సాయం వెళ్తూ కూలిపోయాడు.

ఈ వెనక సీటువాళ్ల సంగతి ఇలాగే ఉంటుంది. మంచు తొక్కిన ఓమ్‌డాల్ 1927 చివర్లో అట్లాంటిక్ మీద మాయమయ్యాడు. బెన్నెట్ 1928లో, కూలిన విమానం వాళ్లకి సాయం వెళ్తూ దారిలో నిమోనియాతో పోయాడు. డీట్రిక్సన్ అదే ఏడాది జూన్‌లో, ఎయిర్‌షిప్ కూలి మంచులో చిక్కుకున్న నోబిలేని వెతకడానికి అముండ్సెన్‌తో కలిసి వెళ్లి తిరిగిరాలేదు.

దక్షిణం వైపు త్వరగా చెప్పేస్తాను. 1929 నవంబరు 28, 29. మళ్లీ బర్డ్. ఈసారి పైలట్ బాల్కెన్, మన డౌటు పెద్దమనిషే. ఫోర్డ్ ట్రైమోటార్ విమానం, పేరు ఫ్లాయిడ్ బెన్నెట్. లివ్ అనే హిమానీనదం పైకెక్కాలి, విమానం ఎక్కడం లేదు, ఎదురుగా కొండ. పెట్రోలు పారెయ్యాలా, తిండి పారెయ్యాలా? పెట్రోలు పారేస్తే తిరిగి రాలేరు. తిండి పారేస్తే, ఎక్కడైనా దిగాల్సివస్తే చచ్చిపోతారు. తిండి సంచులు తోసేశారు. విమానం కొండ దాటింది. ఈసారి బర్డ్ కెమెరామ్యాన్‌ని, రేడియో మనిషిని తీసుకెళ్లాడు చూశారా? ఈ ప్రయాణాన్ని ఎవరూ తప్పుపట్టలేదు.

మరి ధ్రువం దగ్గర విమానం ఎప్పుడు దిగింది? ఉత్తరాన 1937 మే 21న. సోవియట్ పైలట్ వొదొప్యానొవ్ నాలుగు ఇంజన్ల విమానం దించాడు, పాపానిన్ అనే బృంద నాయకుడితో కలిపి నలుగురు అక్కడే మంచు మీద క్యాంపు పెట్టి ఉండిపోయారు. 274 రోజులు కొట్టుకుపోయి గ్రీన్‌లాండ్ దగ్గర తేలారు. దక్షిణాన ఎప్పుడో తెలుసా? 1956 అక్టోబరు 31. బర్డ్ మీదుగా ఎగిరాక 27 ఏళ్లకి. మైనస్ 50 డిగ్రీలు. అమెరికా నౌకాదళం వాళ్ల డకోటా రకం విమానం. ఇంజన్లు ఆపకుండా 49 నిమిషాలు ఉన్నారు. లేద్దామంటే స్కీలు గడ్డకట్టుకుపోయాయి. విమానానికి కట్టిన చిన్న రాకెట్లు నాలుగు కాల్చారు, కదల్లేదు. మిగతా పదకొండూ కాల్చాక అతికష్టం మీద లేచింది. ఓమ్‌డాల్ పడ్డ బాధే, ముప్పై ఏళ్ల తర్వాత రాకెట్లతో.

ఇవాళ మనవాళ్లు బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తారు, 2021 జనవరిలో ఎయిరిండియా మహిళా పైలట్లు అటునుంచి ఇటు ఉత్తర ధ్రువం మీదుగానే తెచ్చారు. కింద ఎక్కడా దిగాల్సిన పని లేకపోవడమే ఇప్పటి గొప్ప.

ఆఖరుగా ఒక పనికొచ్చే మాట. మీ పిల్లలు డెట్రాయిట్ వైపు ఉంటే, వెళ్లినప్పుడు పక్కనే డియర్‌బార్న్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియం చూడండి, బర్డ్ విమానాలు రెండూ అక్కడే ఉన్నాయి. ధ్రువం మీద దిగిన డకోటా ఫ్లోరిడాలో, పెన్సకోలా నౌకాదళ విమాన మ్యూజియంలో ఉంది. వెళ్తే స్కీల దగ్గర నిలబడి ఫోటో తీసి నాకు పంపండి, మొహాలు అక్కర్లేదు, స్కీలు కావాలి. ఇప్పుడు ప్రశ్నలు. ఆ మూడో వరసలో అమ్మాయి ఇందాకట్నుంచీ చెయ్యెత్తుతోంది, ముందు ఆమెకి మైకివ్వండి.